మేనమామ సీడీలా, కొత్త ఎడిషనా? పాత గేమ్ కొనే ముందు చట్టం ఏమంటుంది

ప్రశ్న: లాయర్ గారూ, నేను తిరుపతిలో బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. బాల్డర్స్ గేట్ 3 అనే రోల్ ప్లేయింగ్ కంప్యూటర్ గేమ్ ఆడాక మొదటి భాగం కూడా ఆడాలని పట్టుకుంది. చిత్తూరులో మా మేనమామ దగ్గర 1998లో వచ్చిన ఆ గేమ్ ఒరిజినల్ సీడీలు ఐదూ ఉంటే నాకు ఇచ్చేశాడు. కానీ మూడో సీడీ గీతలు పడి చదవట్లేదు. ఫ్రెండ్సేమో అది ఎప్పటి గేమో, కంపెనీవాళ్లు వదిలేశారు, నెట్‌లోంచి దించుకుంటే తప్పేం లేదంటున్నారు. ఈలోగా బస్టాండ్ దగ్గర ఒక షాపులో "పాత ఒరిజినల్ వెర్షనే ఉంది" అంటే 400 ఇచ్చి పెన్‌డ్రైవ్‌లో వేయించుకున్నాను. రూముకొచ్చి చూస్తే అది 2012లో మళ్లీ విడుదల చేసిన ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్, పైగా క్రాక్ చేసింది, అంటే తాళం పగలగొట్టిన దొంగ కాపీ. డబ్బులు వెనక్కి ఇమ్మంటే బిల్లు మీద ముద్ర చూపించి పొమ్మన్నాడు. పాతది ఆడాలా, కొత్తది కొనాలా? నా 400 వస్తాయా?

జవాబు: రెండింట్లో ఏది బాగుంటుందో తేల్చడం కోర్టు పని కాదు, నా పనీ కాదు. పాతదాంట్లో బొమ్మ 640 బై 480 పిక్సెళ్లకు మించదు, ఇప్పటి మానిటర్ మీద అది ఎలా ఉంటుందో మీరే చూసుకోవాలి. కొత్తదాన్ని రెండో భాగం ఇంజిన్ (గేమును నడిపే అసలు సాఫ్ట్‌వేర్) మీద కట్టారు కాబట్టి వైడ్‌స్క్రీన్, జూమ్ అన్నీ ఉంటాయి, కొన్ని కొత్త పాత్రల్ని కూడా చేర్చారు, ఆ పాత్రల్ని చూస్తే కొందరికి ఒళ్లు మంట. అది రుచుల గొడవ. నేను చూసేదల్లా ఒకటే, ఏ కాపీ తీసుకుంటే అది ఎంతవరకు మీదవుతుంది, రేపు అమ్మినవాడి మనసు మారితే మీ దగ్గర ఏం మిగులుతుంది.

ముందు మేనమామ సీడీల సంగతి. కొన్నది ఆయన కదా, లైసెన్సు ఆయనకే, నువ్వు ఆడకూడదు అని ఎవరైనా భయపెడితే పట్టించుకోకండి. డబ్బాలో పెట్టి అమ్మే సాఫ్ట్‌వేర్ సరుకు కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 2004లో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ కేసులో తేల్చేసింది, ఆ కేసులో అవతలి పక్షం మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. అది అమ్మకపు పన్ను తగాదా, గేముల తగాదా కాదు, అయినా సీడీ అంటే చేతులు మారే వస్తువు అన్నంత వరకు మనకు పనికొస్తుంది. చరాస్తిని బహుమతిగా ఇవ్వడానికి రిజిస్ట్రార్ ఆఫీసుకు పోనక్కర్లేదు, చేతిలో పెడితే చాలు, ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 123 ఒప్పుకుంటుంది. మామతో "ఇవి నీకే ఇచ్చేశాన్రా" అని ఒక వాట్సాప్ మెసేజ్ పెట్టించుకుంటే ఇంకా మంచిది. ఆయన కంప్యూటర్లో ఆ గేమ్ కాపీ ఇంకా ఉంటే మాత్రం తీసేయమనండి, సీడీలు మీకిచ్చి కాపీ తన దగ్గర ఉంచుకుంటే లెక్క కుదరదు.

ఇక్కడ కాపీరైట్ చట్టం, 1957 మీకు గట్టి అండ. సెక్షన్ 52(1)(ఎఎ) చూస్తే, కంప్యూటర్ ప్రోగ్రామ్ కాపీ న్యాయబద్ధంగా ఎవరి దగ్గర ఉందో వాళ్లు దాన్ని వాడుకోవడానికి, పోయినా పాడైనా ఉంటుందని బ్యాకప్ తీసుకోవడానికి కాపీ చేసుకుంటే అది ఉల్లంఘన కాదు. గమనించారా, బిల్లు ఎవరి పేరు మీద ఉందని అది అడగలేదు. అదే సెక్షన్‌లో (ఎడి) అనే క్లాజు ఇంకో అడుగు ముందుకేసి, సొంతంగా న్యాయబద్ధంగా సంపాదించుకున్న కాపీ నుంచి లాభాపేక్ష లేని సొంత వాడకానికి కాపీ చేసుకోవచ్చంటుంది. కాబట్టి బాగున్న నాలుగు సీడీలను ఈ రాత్రికే ఎవరిదైనా యూఎస్‌బీ సీడీ డ్రైవ్ అడిగి తెచ్చుకుని హార్డ్ డిస్కులోకి ఎక్కించేయండి.

మూడో సీడీ దగ్గరే చాలామంది కాలు జారతారు. "నా దగ్గర సీడీ ఉంది కదా, అదే సీడీ ఇమేజ్ (సీడీ మొత్తం ఫైలుగా) నెట్‌లో దించుకుంటే ఏంటి తేడా?" అంటారు. తేడా ఉంది. చట్టం ఒప్పుకున్నది మీ కాపీ నుంచి తీసుకునే కాపీని. ఎవడో ముక్కూమొహం తెలియనివాడు తన సీడీ నుంచో, ఇంకొకడి సీడీ నుంచో తీసి ఎక్కించినది మీ కాపీ నుంచి వచ్చింది కాదు, లోపల బైట్ బైట్‌కీ ఒకటే అయినా సరే. మీకున్న హక్కు ఆ గేమ్ మీద కాదు, ఆ ఐదు సీడీల మీద. అంచేత ఆ మూడో సీడీని మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచు వైపు తుడిచి ఇంకో రెండు మూడు డ్రైవుల్లో పెట్టి చూడండి, ఒక డ్రైవ్ చదవనిది ఇంకోటి చదవడం మామూలే. గీత లేబుల్ వైపు పడి పైపొర లేచిపోయి ఉంటే మాత్రం ఆశ వదులుకుని ఇంకో అసలు సెట్టు కోసం వెతుక్కోవాలి.

ఇంకో సందేహం మీరు అడగలేదు గానీ పాత సీడీలు పట్టుకున్న ప్రతివాళ్లూ ఎప్పుడో ఒకప్పుడు అడుగుతారు. ఆ కాలంలో చాలా గేములకు కాపీ చేయకుండా సేఫ్‌డిస్క్ అనే తాళం వేసేవారు, 2015లో వచ్చిన విండోస్ 10 దాన్ని అసలు నడవనివ్వదు. మరి ఆ తాళం దాటించి ఆడితే నేరమా? కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో వచ్చిన సెక్షన్ 65ఎ ప్రకారం తాళం పగలగొడితే రెండేళ్ల వరకు జైలు, జరిమానా ఉన్నాయి, కానీ అది హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో చేసినప్పుడు. చట్టం నిషేధించని పని కోసం చేస్తే ఈ సెక్షన్ అడ్డు రాదని అందులోనే రాసి ఉంది. నా అభిప్రాయం ఏంటంటే, సొంత సీడీని సొంత గదిలో ఆడుకోవడానికి చేసుకున్నవాడి మీద ఈ సెక్షన్ నిలబడదు. ఆ తాళం విప్పిన ఫైలును గ్రూపులో పంచడం మొదలుపెడితే మాత్రం నన్ను అడగొద్దు.

మీ ఫ్రెండ్స్ మాటకొస్తే, కంపెనీ వదిలేసిన గేమ్ అనే రకం మన చట్టంలో లేదు. కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను మన చట్టం సాహిత్య రచనగా చూస్తుంది, రచయిత జీవితకాలం, ఆ మీదట 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. 1998 గేమ్ స్వేచ్ఛగా దొరికేసరికి మీ మనవళ్లకు కూడా దాని మీద మోజు పోతుంది. అయినా 2012లో మళ్లీ విడుదల చేసి ఈరోజుకీ అమ్ముకుంటున్నదాన్ని వదిలేశారని ఎలా అంటారో నాకు అర్థం కాదు.

ఇక ఆ పెన్‌డ్రైవ్. అది తెలియక కొన్నారు, ఇప్పుడు తెలిసింది, చట్టం పట్టుకునేది ఆ రెండింటి మధ్య గీతనే. కాపీరైట్ చట్టం సెక్షన్ 63బి ప్రకారం దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్లో వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల వరకు జరిమానా. లాభం కోసమో వ్యాపారంలోనో వాడకపోతే జైలు లేకుండా 50 వేల లోపు జరిమానాతో వదిలే వీలు కోర్టుకు ఉంది, కానీ అంతదాకా ఎందుకు తెచ్చుకోవాలి? కంప్యూటర్లో ఎక్కించినదంతా తీసేయండి, వైరస్ స్కాన్ చేయించండి. పెన్‌డ్రైవ్‌ను మాత్రం చెరిపేయకండి, ఒక కవర్లో పెట్టి కొన్న తేదీ రాసి పక్కన పడేయండి, మళ్లీ పెట్టి చూడొద్దు. అది మీ సాక్ష్యం.

మీరు పంపిన బిల్లు ఫొటో చూశాను. "గేమ్ సాఫ్ట్‌వేర్ - 1 - 400", కింద నీలం సిరాతో "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని ముద్ర. షాపాయన ఆ ముద్రను పెద్ద ఆయుధం అనుకుంటున్నాడు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 2(47) ప్రకారం లోపం ఉన్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడమే అక్రమ వ్యాపార పద్ధతి. ఆ ముద్రలో గడువు లేదు, అంటే మీకు 30 రోజులు ఉన్నట్టే. సరుకు రకం గురించీ మోడల్ గురించీ అబద్ధం చెప్పి అమ్మడం కూడా అదే సెక్షన్‌లోకి వస్తుంది. పాతదాన్ని కొత్తదని అంటగట్టేవాళ్ల కోసం చట్టం ప్రత్యేకంగా ఒక వాక్యం రాసుకుంది, మీ షాపాయన దాన్ని తిరగేసి కొత్తదాన్ని పాతదని అమ్మాడు, ఈ తెలివికి ప్రత్యేక వాక్యం లేదు గానీ మోడల్ అన్న మాట చాలు. ఇక క్రాక్ చేసి అమ్మినందుకు ఆయన మీద పడేది కాపీరైట్ చట్టం సెక్షన్ 63, కనీసం ఆరు నెలల జైలుతో మొదలవుతుంది. ఈ సంగతి ఆయనకు మీకంటే బాగా తెలుసు.

అసలు కొనాలనుకుంటే ఎక్కడ కొనాలి? స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల షాపులో మీరు కొనేది లైసెన్సు మాత్రమే, 2024 అక్టోబర్ నుంచి కార్ట్‌లోనే ఆ ముక్క రాసి చూపిస్తున్నారు. ఖాతా ఉన్నన్నాళ్లు అద్దె ఇంట్లో ఉన్నట్టు, మీ తర్వాత మేనల్లుడికి చేతికిచ్చే వీలు లేదు. గాగ్ (GOG) అనే ఇంకో ఆన్‌లైన్ షాపులో ఇన్‌స్టాలర్‌ను తాళం లేకుండా దించుకుని మీ హార్డ్ డిస్కులో దాచుకోవచ్చు, వాళ్ల సైటు లేకపోయినా అది నడుస్తుంది. ఇంకో మేలు, ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్ కొన్నవాళ్లకు గాగ్ పాత ఒరిజినల్‌ను కూడా కలిపి ఇస్తూ వచ్చింది. కొనే రోజు పేజీలో ఆ మాట ఉందో లేదో చూసి స్క్రీన్‌షాట్ తీసుకోండి, రేపు తగాదా వస్తే అదే మీ బిల్లు లాంటిది. అది ఉంటే మీ ప్రశ్నే తీరిపోతుంది, రెండూ ఆడి నచ్చింది ఉంచుకుంటారు.

పాత వెర్షన్ ముఖ్యం అనుకునేవాళ్లు ఆలస్యం చేయకూడదని నేను అనడానికి కారణం ఉంది. 2018లో డార్క్ సోల్స్ అనే గేముకు రీమాస్టర్ (మెరుగుపెట్టిన కొత్త ఎడిషన్) రాగానే స్టీమ్‌లో పాతది అమ్మకం ఆపేశారు. 2021లో ఫైనల్ ఫాంటసీ గేముల పిక్సెల్ రీమాస్టర్లు మొదలైనప్పుడు ఐదు, ఆరు భాగాల పాత వెర్షన్లకూ అదే గతి. ముందే కొన్నవాళ్లకు అవి లైబ్రరీలో ఉండిపోయాయి, కొననివాళ్లకు దారి మూసుకుపోయింది. 2020లో వార్‌క్రాఫ్ట్ 3 రీఫోర్జ్‌డ్ వచ్చినప్పుడు ఇంకా దారుణం, పాతది కొన్నవాళ్ల కంప్యూటర్లో గేమ్ స్థానంలో కూడా కొత్తదే వచ్చి కూర్చుంది. అది స్ట్రాటజీ గేమే, కానీ అలాంటి పని ఎక్కడైనా జరగొచ్చు. ఒప్పందాన్ని ఒక వైపు నుంచే ఇష్టమొచ్చినట్టు రద్దు చేసుకునే షరతులు అన్యాయ ఒప్పందం కిందికి వస్తాయని 2019 చట్టం అంటుంది గానీ, ఆ వాదన జిల్లా కమిషన్ వినదు, రాష్ట్ర కమిషన్‌కు పోవాలి. ఒక గేమ్ కోసం విజయవాడ తిరిగే ఓపిక మీకు ఉంటుందని నేననుకోను.

వాపసు గడువులు కూడా గుర్తుపెట్టుకోండి. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, అదీ రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటేనే. ఇలాంటి గేమ్‌లో రెండు గంటలంటే పాత్రను తయారు చేసుకుని గేమ్ మొదలయ్యే క్యాండిల్‌కీప్ కోట గోడ దాటేసరికే అయిపోతుంది. గాగ్‌లో 30 రోజులు ఇస్తారు. మన ఇ-కామర్స్ నియమాలు, 2020 డిజిటల్ సరుకుకూ వర్తిస్తాయి, ఇక్కడివాళ్లకు క్రమం తప్పకుండా అమ్మే విదేశీ సైట్లకూ వర్తిస్తాయి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి.

మీ 400 కోసం ముందు షాపాయనకు వాట్సాప్‌లో, స్పీడ్ పోస్టులో ఒకే కాగితం పంపండి. ఏ తేదీన కొన్నారో, పాత ఒరిజినల్ అని చెప్పి ఏమిచ్చాడో, 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలని మర్యాదగానే రాయండి, పోలీసు కేసు పెడతానని బెదిరించే మాట ఒక్కటి కూడా వద్దు, అది తిరిగి మీ మెడకే చుట్టుకుంటుంది. జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, నా అనుభవంలో సగం షాపులు అక్కడికే దిగొస్తాయి. అప్పటికీ వినకపోతే తిరుపతిలోనే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, మీరు ఉండే ఊళ్లోనే కేసు వేసే హక్కు చట్టం ఇచ్చింది, 5 లక్షల వరకు ఫీజు లేదు, ఇ-జాగృతి అనే ప్రభుత్వ సైటులో ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు, లాయరు అక్కర్లేదు. గడువు రెండేళ్లు, కానీ పరీక్షలు అయ్యాక చూద్దామని మాత్రం పక్కన పెట్టకండి, బిల్లు మీద ఆ నీలం సిరా వెలిసిపోయే రకంలా ఉంది, ముందు ఒక జిరాక్సు తీయించుకోండి.