పిటిషన్ మీద సంతకం సరే, బ్యాంకులో ఎంతుంది తమ్ముడూ?

ప్రశ్న: అన్నా, హెచ్1బి మీద వచ్చి ఏడాది కూడా కాలేదు. మా అపార్ట్‌మెంట్ దగ్గర ఇళ్లు లేనివాళ్లు ఫుట్‌పాత్‌ల మీద టెంట్లు వేసుకుంటున్నారు. అది నిషేధించాలని సంతకాలు సేకరిస్తున్నారు, చందా కూడా అడుగుతున్నారు. మన వాట్సాప్ గ్రూపులో అందరూ పెట్టండి అంటున్నారు. పెట్టొచ్చా?

పెట్టొద్దు. అలాంటి పిటిషన్ మీద ఆ ఊరి ఓటర్ల సంతకాలే చెల్లుతాయి, ఓటరు కావాలంటే దాదాపు అన్నిచోట్లా సిటిజన్ అయ్యుండాలి. ఎన్నికల చందాల రూల్సు కూడా వీసా మీద ఉన్నవాళ్లకి గట్టిగానే ఉంటాయి, నెట్లో అన్నీ దొరుకుతాయి, చూసుకో. గ్రూపులో వాళ్లకేం, వాళ్లలో సగం మందికి పాస్‌పోర్టులు మారిపోయాయి.

టెక్సాస్‌లోని మా ఆస్టిన్‌లో ఈ గొడవ మొదట్నుంచీ చూశాను. 2019 జూన్‌లో సిటీ కౌన్సిల్ ఇలాంటి టెంట్ల మీదున్న పాత నిషేధాన్ని సడలించింది, జూలై 1 నుంచి అమల్లోకొచ్చింది. కొన్నాళ్లకి బెన్ వైట్ ఫ్లైఓవర్ కింద వరసగా టెంట్లు. ఆ మనుషులు అంతకుముందూ ఉన్నారు, పొదల్లో, వాగుల పక్కన, మన కంట పడేవారు కాదు అంతే. నిషేధం ఉండాలని గవర్నర్ అబాట్ ఒక పక్క, సడలింపే సరని మేయర్ ఆడ్లర్ ఇంకో పక్క. ఈలోపు నిషేధం మళ్లీ తేవాలని సేవ్ ఆస్టిన్ నౌ అనే గ్రూపు ఒకటి బయల్దేరింది, పెట్టిన ఇద్దరిలో ఒకరు కౌంటీ రిపబ్లికన్ పార్టీ అధ్యక్షుడు, ఒకరు డెమోక్రాట్. దాన్ని ఓటింగుకి పెట్టించాలంటే 20,000 మంది ఓటర్ల సంతకాలు కావాలి. 2020లో వాళ్లిచ్చిన మొదటి పిటిషన్‌లో చెల్లే సంతకాలు చాలలేదని సిటీ క్లర్క్ వెనక్కి పంపేశారు. ఆ చెల్లనివాటిలో నాదీ ఒకటి.

కిరాణా షాపు బయట ఒకమ్మాయి పరీక్ష ప్యాడ్ లాంటిది పట్టుకుని నిలబడింది. పేరు, పుట్టిన తేదీ, ఇంటి అడ్రసు, సంతకం, ఇవీ గళ్లు. ఇది ఓటర్ల కోసమని పైన చిన్న అక్షరాల్లో ఉన్నది చదవలేదు, పెన్ను చేతిలో పెడితే మనకి మొహమాటం కదా. గ్రీన్ కార్డు వచ్చిన కొత్త, కొన్న ఇంటి ధర ఎక్కడ పడిపోతుందోనని టెన్షన్, రెండూ కలిసి గీకేశాను. ఇంకో తమాషా ఏంటంటే నా అడ్రసులో ఆస్టిన్ అని ఉంటుంది గానీ ఇల్లు సిటీ హద్దుల్లోనే లేదు! రౌండ్ రాక్, సీడర్ పార్క్, లియాండర్ లాంటి పక్క ఊళ్లలో కూర్చుని ఆస్టిన్ టెంట్ల మీద తీర్పులిచ్చే మనవాళ్లు ఇప్పటికీ బోలెడంత మంది.

తర్వాత సిటిజన్‌షిప్ ఫారంలో ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా, సిటిజన్‌నని చెప్పుకున్నారా అని ప్రశ్నలు చూసేసరికి గుండె ఝల్లుమంది. నమోదు కాలేదు, నిజమే, కానీ ఆ కాగితం మీద ఏం ఒప్పుకుంటూ సంతకం చేశానో తెలిస్తేగా. లాయరు నా భయం విని నవ్వాడు, ఏం ఫర్వాలేదన్నాడు, బిల్లులో మాత్రం ఆ నవ్వులేదు. ఆ డబ్బుతో అమ్మకి విమానం టికెట్ వచ్చేది.

నేను లేకపోయినా వాళ్ల పని ఆగలేదనుకో. రెండో పిటిషన్ నెగ్గింది, 2021 మే 1న ప్రాపోజిషన్ బి అని ఓటింగుకి పెడితే 57 శాతం దాకా నిషేధానికే వేశారు. ఆ సెప్టెంబరు నుంచి టెక్సాస్ మొత్తానికీ నిషేధం, 500 డాలర్ల దాకా జరిమానా. 2024 జూన్‌లో ఒరెగాన్‌లోని గ్రాంట్స్ పాస్ ఊరి కేసులో సుప్రీంకోర్టు 6-3తో ఇలాంటి రూల్సు పెట్టుకోవచ్చంది, అప్పట్నుంచి ఊరూరా ఇదే హడావుడి.

అద్దె కట్టలేనివాడి మీద 500 డాలర్లు! ఓటింగుకి ముందు ఒకసారి బెన్ వైట్ దగ్గర సిగ్నల్ పడితే పక్కకి చూశాను. ఒకాయన టెంట్ ముందు పరిచిన కార్పెట్ ముక్క దులిపి, బూట్లు విప్పి, జత సరిగ్గా పెట్టి లోపలికెళ్లాడు. అలవాటు చూస్తే ఆ మనిషికి ఒకప్పుడు ఇల్లుందని తెలిసిపోతోంది. నిషేధం కావాలనే నేను ఇప్పటికీ అంటాను, ఫ్లైఓవర్ కింద బతకడం బతుకు కాదు, కానీ ముందు గది చూపించి తర్వాత టెంట్ పీకాలి.

నీ సంగతికొద్దాం. ఫుట్‌పాత్ మీద వాళ్ల గురించి అడిగావు, ఉద్యోగం పోతే నువ్వెన్ని నెలలు అద్దె కట్టగలవు? 2009లో నేను ప్రాజెక్టు లేక బెంచ్ మీదుంటే కన్సల్టెన్సీ జీతం ఆపేసింది. ఒక ఫ్రెండు హాల్లో కార్పెట్ మీద పడుకుని, ఉదయమే దుప్పటి మడిచి వాళ్లావిడ లేవకముందే బయటికి పోయేవాణ్ణి. ఆ హాలు లేకపోతే నా గతేంటో నువ్వే ఆలోచించు. మీ తరానికి ఇది ఎక్కదు, జీతం పడగానే టెస్లా లీజు. ఉద్యోగం పోతే వీసాకి ఎక్కువలో ఎక్కువ 60 రోజులు, టెక్సాస్‌లో అద్దె తప్పితే ఖాళీ చెయ్యమని మూడ్రోజుల నోటీసు ఇవ్వొచ్చు. ఆరు నెలల అద్దె పక్కన పెట్టేదాకా ఎవరికీ చందా లేదు, టెంట్లు వద్దన్నవాళ్లకీ లేదు, ఉండనివ్వమన్నవాళ్లకీ లేదు.

మరీ ఆగలేకపోతే కౌన్సిల్ మీటింగుకి వెళ్లు. పేరు రాయించుకుంటే రెండు మూడు నిమిషాలు మాట్లాడనిస్తారు, సిటిజన్ కానక్కర్లేదు. పార్కింగ్ ఎక్కడ ఫ్రీయో మాత్రం ముందే కనుక్కో, డౌన్‌టౌన్‌లో గంటకి వాళ్లు గుంజేదానికి మంచి బిర్యానీ వస్తుంది.