బత్తాయి తోట అధ్యాయం గురించి

నల్లగొండ

బిడ్డా,

నీ నవల మూడు అధ్యాయాలూ చదివాను. ఈమధ్య వచ్చినవాటిలో ఏవి చదవమంటారని అడిగావు కదా. మన వైపు కథలతో వచ్చిన నాలుగు నవలలు ఈ ఎండాకాలం చదివాను. పేర్లు కలిసినప్పుడు చెప్తాను. ఏమనిపించిందో మాత్రం దాచకుండా రాస్తున్నా, ఎందుకంటే వాటిలోని లోపాలే నీ కాగితాల్లోనూ కనిపించాయి.

మొదటిది మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్ల కథ. రచయితకు ఆ జనం మీద ప్రేముంది. అయినా పుస్తకం మూశాక ఒక్క మనిషీ గుర్తు లేడు. నడుం వంగిన ముసలాయన వస్తాడు, బాధపడతాడు, పోతాడు. ఆయనకు కల్లు ఇష్టమా, తమ్ముడితో గెట్టు పంచాయితీ ఉందా, ఏమీ తెలియదు. పైగా ఇరవై ఏళ్లకు కోడలిగా ఆ ఊరొచ్చిన అమ్మాయికి రెండేళ్లలో పళ్లు గారపట్టాయని రాశాడు. అట్లా జరగదు. ఆ గార పట్టేది చిన్నతనంలో, చిగురు లోపల పన్ను తయారవుతున్నప్పుడు. పెద్దయ్యాక తాగిన నీళ్లలోని ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఎముకల్లో, కీళ్లలో చేరుతుంది. అంటే మంచినీళ్ల ఊరి నుంచి వచ్చిన కోడలి పళ్లు తెల్లగానే ఉంటాయి, ఆమె కన్నపిల్లల పళ్లు గారపడతాయి. ఒకే ఇంట్లో తల్లి నోరారా నవ్వుతుంది, కూతురు చున్నీ అడ్డం పెట్టుకుంటుంది. ఆ తప్పు వల్ల ఇంత దృశ్యం చేజారిపోయింది.

ఇంకోచోట తల్లి రోజూ నీళ్లు మరగబెట్టి పిల్లలకు పోస్తుంది. మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరిన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఆ సంగతి ఆమెకు ఎవరు చెప్పారు? విన్న రోజు పొయ్యి దగ్గర ఏం చేసింది? ఆయన ఒక్క వాక్యంలో దాటేశాడు. నాకు చాలా బాధేసింది.

రెండోది పాలమూరు వలస మీద. మేస్త్రీని దుర్మార్గుడని తేల్చేశారు. అడ్వాన్సు ఇచ్చి తీసుకుపోయే మేస్త్రీ చాలాసార్లు అదే ఊరివాడు, ఒక్కోసారి చుట్టమే. బిడ్డ పెండ్లికి అప్పు కావాలన్నా అతని ఇంటికే పోవాలి. అలాంటివాణ్ని తిట్టలేక మింగుకునే కోపం ఆ నవలలో లేదు.

మూడోదాంట్లో మక్తల్ మనుషులు కూడా నకిరేకల్ వాళ్లలాగే మాట్లాడతారు. కన్నడం కలిసిన ఆ సరిహద్దు మాట రచయిత చెవిన పడలేదు.

నాలుగోది నాకు చాలా నచ్చింది. శ్రీశైలం ప్రాజెక్టు కింద 1981లో ఖాళీ చేయించిన కొల్లాపూర్ వైపు ఊరు. ఒక ముసలామె దర్వాజ పీకించి బండి మీద వేయించుకుంటుంది. కొత్త జాగాలో గోడలు లేవకముందే దాన్ని నిలబెట్టి, పండుగ పూట కడపకు పసుపు రాస్తుంది. అది చదివాక రెండు రోజులు ఇంకో పుస్తకం ముట్టలేదు. చివర్లో కొడుకు ప్రేమకథలో పడి పలచబడింది, అయినా ఆ దర్వాజ కోసం చదువు.

ఇక నీ మూడో అధ్యాయం. బత్తాయి తోట ఎండింది, "రైతు గుండె పగిలింది" అని రాశావు. అది ఎన్నో బోరు? ఎన్ని ఫీట్ల దాకా దుమ్మే లేచింది? బోరు బండి పోయాక కూడా మీ నాయన అక్కడే నిలబడ్డాడని నువ్వు నాకు రాసిన ఉత్తరంలో ఉంది. నవలలో లేదు. ఆ రాత్రి ఆయన అన్నం తిన్నాడా? ఎవరు పిలిస్తే ఇంట్లోకొచ్చాడు?

ఆ ఒక్క అధ్యాయం మళ్లీ రాసి పంపు. మిగతావి అట్లే ఉండనీ.

మీ పెదనాన్న లాంటివాణ్ని