కార్డు కొత్తది, ప్రాసెసర్ పాతది

ప్రశ్న: సార్, నేను డిగ్రీ రెండో ఏడు. 2020లో నాన్న కొనిచ్చిన కంప్యూటర్ ఉంది: రైజెన్ 3 3200జీ ప్రాసెసర్, బీ450 బోర్డు, 8 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్. మొన్న అన్నయ్య మొదటి జీతంతో ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు కొనిచ్చాడు. బిగించాను. వాలరెంట్ గేములో ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే బొమ్మలు) అనుకున్నంత పెరగలేదు. జీటీఏ 5లో సిటీలోకి వెళ్తే ఆగి ఆగి నడుస్తోంది. షాపులో అడిగితే ‘ఈ డబ్బా పక్కన పడేసి ఐ7 వేయించుకో’ అన్నారు. అంత డబ్బు లేదు. రైజెన్ 5 5500, 5600, ఐ5-12400ఎఫ్‌లలో ఏది తీసుకోమంటారు?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: అన్నయ్య కార్డు మంచిదే కొన్నాడు, ఆ మాట ఆయనకు చెప్పండి. డబ్బా పడేయక్కర్లేదు. 5600 తీసుకోండి.

సంక్రాంతికి వాకిట్లో పెద్ద ముగ్గు వేయడం చూసే ఉంటారు. ఒకరు చుక్కలు పెట్టుకుంటూ పోతుంటే వెనకాల ఇంకొకరు గీతలు కలిపి రంగులద్దుతారు. గేములో చుక్కలు పెట్టేది ప్రాసెసర్. ఎవడు ఎక్కడున్నాడు, బండి ఎటు తిరిగింది, తూటా ఎవడికి తగిలింది, ఈ లెక్కంతా దానిదే. రంగులద్దేది కార్డు. సెకనుకు 70 ముగ్గులకే చుక్కలు పడుతుంటే, రంగులద్దే మనిషి ఎంత చురుకైనదైనా 71వది వేయలేదు. మీ 4060 ఇప్పుడు రంగుల డబ్బాలు పట్టుకుని ఖాళీగా కూర్చుంది.

నమ్మకం కుదరకపోతే ఒక పని చేయండి. గేములో రిజల్యూషన్ 1080 నుంచి 720కి దించండి. కార్డు రంగులద్దాల్సిన పిక్సెళ్లు సగానికి పైగా తగ్గిపోతాయి. అయినా ఎఫ్‌పీఎస్ ఉన్నచోటే ఉందంటే లోపం కార్డులో లేదు. ఈ పరీక్ష ఐదు నిమిషాల పని, పైసా ఖర్చు లేదు. ప్రాసెసర్, కార్డు పేర్లు రెండూ కొడితే ‘బాటిల్‌నెక్ 27 శాతం’ అని, అంటే ఒకటి ఇంకోదాన్ని ఇంత వెనక్కి లాగుతోందని తేల్చేసే సైట్లున్నాయి, వాటి జోలికి పోకండి. ఏ గేమో, ఏ మానిటరో అడక్కుండా శాతం చెప్పడమంటే పుట్టినవేళ అడక్కుండా జాతకం రాసినట్టే.

ఇక మీరడిగిన మూడు. మీ 3200జీలో నాలుగు కోర్లు (లెక్కలు చేసే చేతులు), నాలుగే థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనులు), ఎల్3 క్యాష్, అంటే ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న మెమరీ, 4 ఎంబీ. 5500కీ 5600కీ ఆరేసి కోర్లు, పన్నెండేసి థ్రెడ్లు. పేరులో వంద తేడా చూసి అన్నదమ్ములనుకుంటారుగానీ 5500లో క్యాష్ 16 ఎంబీ, 5600లో 32. గేములకు ఈ క్యాష్ చాలా ముఖ్యం, ప్రతిదానికీ ర్యామ్ దాకా పరుగెత్తే పని తగ్గుతుంది. 5500 పీసీఐఈ (కార్డుకూ ప్రాసెసర్‌కూ మధ్య దారి) 3.0కే పరిమితం అన్న మాట కూడా మీ చెవిన పడి ఉంటుంది. నిజమే, కానీ మీ బీ450 బోర్డే 3.0 కాబట్టి మీ విషయంలో అందులో తేడా రాదు. 4060 ఆ దారిలో ఎనిమిది లేన్లే వాడుకునే కార్డు. 3.0 మీద కాస్త నష్టపోతుంది, కార్డు మెమరీ 8 జీబీ నిండిపోయే గేముల్లో ఆ నష్టం ఎక్కువ కనిపిస్తుంది. దానికోసం బోర్డు మార్చేంత పని మాత్రం లేదు.

12400ఎఫ్ మంచి ప్రాసెసరే. కానీ సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు) వేరు, బోర్డు కూడా కొనాలి. ఆ డబ్బు పెట్టి రెండో 8 జీబీ స్టిక్ కొనండి. ఒంటి స్టిక్ మీద మీ గేము సగం కుంటుతోంది. రెండూ పెట్టాక బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే బోర్డు ప్రోగ్రాము) ఎక్స్ఎంపీ, అంటే ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగు, ఆన్ చేయండి. లేకపోతే 3200 వేగమని డబ్బు పోసి కొన్న ర్యామ్ 2133 మీదో 2400 మీదో నింపాదిగా నడుస్తుంది.

ధరలు రాయను. పత్రిక మీ చేతికొచ్చేలోపు మారిపోతాయి.

ఇప్పుడు అసలు జాగ్రత్త. 3200జీ ఊడదీయక ముందే బయోస్ అప్‌డేట్ చేయాలి, 5600 ఆ బోర్డు కంటే తర్వాత పుట్టింది. బోర్డు మీద అచ్చువేసిన మోడల్, రివిజన్ నంబరు చూసి, కంపెనీ సైట్లో 5600కు ఏ బయోస్ కావాలో సరిచూసి, అదే ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. యూపీఎస్ లేకుండా మొదలుపెట్టకండి. మధ్యలో కరెంటు పోతే బోర్డు ఇటుకముక్క అవుతుంది.

తర్వాత కూలర్. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో రిపేరు బెంచీ మీద కూర్చున్న రోజుల్లో ఒక కుర్రాడి రైజెన్‌కు కూలర్ నేనే నిలువుగా లాగాను. కూలర్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య రాసే పేస్టు ఎండి బంకలా పట్టేసి, సాకెట్ లివర్ వేసి ఉండగానే ప్రాసెసర్ కూడా కూలర్‌కు అంటుకుని పైకొచ్చేసింది. ఒక మూల ఏడు పిన్నులు వంగాయి. ములుకు తీసేసిన 0.5 పెన్సిల్ గొట్టంలో ఒక్కో పిన్నూ దూర్చి నిలబెట్టేసరికి గంటన్నర. ఆ గంటన్నరా ఆ అబ్బాయి నా భుజం మీదుగా చూస్తూనే ఉన్నాడు, ఒక్క మాట అన్లేదు. తిట్టినా బాగుండేది. కాబట్టి మీరు పది నిమిషాలు గేము ఆడి ప్రాసెసర్‌ను వేడెక్కించి, ఆఫ్ చేసి ప్లగ్ తీసి, స్క్రూలు విప్పి, కూలర్‌ను కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పుతూ వదులు చేసి, అప్పుడు ఎత్తండి. 5600 ట్రే ప్యాక్‌లో కూలర్ లేకుండా చవగ్గా దొరికితే మీ పాత కూలరే సరిపోతుంది, కొత్త పేస్టు రాయండి చాలు. వారంటీ ఎవరిస్తారో మాత్రం బిల్లు మీద రాయించుకోండి.

5600లో సొంత గ్రాఫిక్స్ లేవు. హెచ్‌డీఎంఐ వైరు కార్డుకే పెట్టాలి. అలవాటు కొద్దీ బోర్డుకు పెట్టి ‘బొమ్మ రావట్లేదు సార్, కాలిపోయింది’ అని రాసేవాళ్లు నెలకు ఇద్దరైనా ఉంటారు. పవర్ సప్లై క్యాబినెట్‌తో పాటు ఊరికే వచ్చిందైతే దాన్నీ మార్చండి, ఈ కార్డుకు 550 వాట్లది పెట్టమని తయారీదారే చెబుతున్నాడు.

ప్రశ్న: కొత్తగా కడుతున్నాను. కార్డు ఆర్‌ఎక్స్ 6600, మానిటర్ 75 హెర్ట్జ్ (సెకనుకు 75 బొమ్మలు చూపించేది). ఐ3-12100ఎఫ్ చాలా? ఐ5-12400ఎఫ్ కావాలా?
– ఖమ్మం నుంచి ఒకరు

జవాబు: గేము ఒక్కటే ఆడుకుంటే, 75 హెర్ట్జ్‌కు 12100ఎఫ్ చాలు. నాలుగు కోర్లే అయినా థ్రెడ్లు ఎనిమిది. ఆడుతూ రికార్డింగ్, వెనకాల డిస్కార్డ్, క్రోమ్‌లో పాతిక ట్యాబులు ఉండే మనిషైతే 12400ఎఫ్‌కు వెళ్లండి. సాకెట్ ఒకటే కనుక తర్వాతైనా మార్చుకోవచ్చు. మీరడగని మాట ఇంకొకటి: ఇంట్లో చదువులకూ ఆఫీసు పనికీ ఇదే కంప్యూటరైతే పేరు చివర ఎఫ్ లేనిది కొనండి, ఎఫ్ ఉన్నవాటిలో సొంత గ్రాఫిక్స్ ఉండవు. కార్డు వారంటీకి వెళ్లినన్నాళ్లూ ఎఫ్ ప్రాసెసర్ ఉన్న డబ్బాకు బొమ్మ రాదు.