ఆదివారం అన్న, సోమవారం సార్

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర పల్లె. బెంగళూరు బొమ్మనహళ్ళిలో ఉంటూ గార్మెంట్స్‌లో టైలర్‌గా చేస్తున్నాను. మా ఫ్లోర్ ఇన్‌చార్జ్ కూడా మా తెలుగు క్రైస్తవ సంఘంలోనే ఉన్నారు. ఈసారి సంఘ పెద్దల ఎన్నికకు ఆయన పేరు పెట్టారు. బాగా పాడతారు, ప్రార్థన చేస్తే అందరికీ కన్నీళ్లే. ఫ్లోర్‌లో మాత్రం వేరే మనిషి. గంట టార్గెట్ తగ్గితే లైన్ అందరి ముందూ నోటికొచ్చినట్టు తిడతారు. మొన్న కాలర్ వంకరపోయిందని ఒకమ్మాయి మీదికి బండిల్ విసిరికొట్టారు. అభ్యంతరం ఉంటే చెప్పమని పాస్టరుగారు అడిగారు. మా ఆయనేమో, ‘తీర్పు తీర్చకూడదని వాక్యంలోనే ఉంది, నీ ఉద్యోగం చూసుకో’ అంటున్నాడు. చెప్పాలా, వద్దా అక్కా?
– ఒక సోదరి, బొమ్మనహళ్ళి

జవాబు: చెప్పాలమ్మా. మీ ఆయన అన్న మాట బైబిల్లో మత్తయి సువార్త 7వ అధ్యాయం మొదట్లో ఉంది. అదే అధ్యాయం 16వ వచనం దాకా చదవమనండి. ఫలాలను బట్టి మనిషిని తెలుసుకోవచ్చని అక్కడే ఉంది.

పెద్దరికానికి ఎవరు తగినవాళ్లో పౌలు 1 తిమోతి 3లో రాశాడు. అందులో పాట లేదు, ఏడిపించే ప్రార్థన లేదు. బోధించగలగాలి అన్న ఒక్కటి తప్పిస్తే మిగతాది దాదాపు అంతా నడవడికే. కొట్టేవాడు కాకూడదు, జగడాలమారి కాకూడదు, డబ్బాశ ఉండకూడదు, ఇల్లు చక్కగా నడుపుకోవాలి. మనమేమో మైకు బాగా పట్టుకున్నవాళ్లను ముందు వరసలో కూర్చోబెడతాం! ఇక 7వ వచనం ప్రకారం సంఘానికి బయట ఉన్నవాళ్ల దగ్గర కూడా మంచి పేరుండాలి. మీ లైన్‌లో పక్క మిషన్ల మీద కుట్టే హిందూ, ముస్లిం ఆడవాళ్లే ఆ బయటివాళ్లు. ఆయన క్రైస్తవుడని వాళ్లకు తెలుసు. ఆ సాక్ష్యం మీ పాస్టరుగారి దాకా వెళ్లే దారి మీరు తప్ప ఇంకెవరున్నారు?

ఆయనకూ పైనుంచి టెన్షన్ ఉంటుంది, కాదనను. షిప్‌మెంట్ ఆలస్యమైతే ముందు నిలదీసేది ఆయన్నే. వంకర కాలర్ విప్పి మళ్లీ కుట్టమనడం ఆయన పని. బండిల్ మనిషి మీదికి విసరడం ఏ పనిలోకీ రాదు. నెహెమ్యా యూదాకు అధికారిగా ఉన్న 12 ఏళ్లూ తనకు రావలసిన భత్యం తీసుకోలేదు. అంతకు ముందున్న అధికారుల పనివాళ్లు కూడా జనం మీద పెత్తనం చేశారనీ, దేవుని భయం వల్ల తాను అలా చేయలేదనీ రాసుకున్నాడు. యజమానులు బెదిరింపులు మానాలని ఎఫెసీ 6:9లో ఉంది.

తప్పు చేసినవాడి దగ్గరికి ముందు ఒంటరిగా వెళ్లమని మత్తయి 18 చెబుతుంది నిజమే. కానీ జీతం ఆయన చేతిలో ఉన్నప్పుడు మిమ్మల్ని ఒక్కదాన్నే వెళ్లమని నేను అనను. అడిగింది పాస్టరుగారే కాబట్టి ఆయనకే చెప్పండి, పాస్టరమ్మగారు కూడా ఉన్నప్పుడు. కళ్లారా చూసిందే చెప్పండి, ‘అన్నారట, తిట్టారట’ వద్దు. పెద్ద మీద ఫిర్యాదుకు ఇద్దరు ముగ్గురు సాక్షులు కావాలని 1 తిమోతి 5:19 అంటుంది. ఆయనింకా పెద్ద కాలేదు గానీ, మీ లైన్ నుంచి మరొకరు తోడొస్తే మంచిదే. మీ పేరు బయటికి రానివ్వొద్దని ముందే మాట తీసుకోండి. వాట్సాప్ గ్రూపులో మాత్రం ఒక్క ముక్క పెట్టొద్దు. పరిచారకులనైతే, అంటే సంఘంలో సేవ చేసేవాళ్లనైతే, ముందు పరీక్షించాలని అదే 3వ అధ్యాయంలో ఉంది కదా, ఈయన్నీ ఒక ఏడాది చూడమని పాస్టరుగారిని అడగండి.

‘నోటికొచ్చినట్టు’ అన్నారు, ఏం తిట్లో రాయలేదు. ఆడవాళ్లను బూతులు తిడుతూ ఉంటే అది సంఘంలో తేలే సంగతి కాదు. పనిచేసే చోట ఆడవాళ్ల మీద లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ప్రకారం, 10 మంది గానీ అంతకు మించి గానీ పనిచేసే చోట ఇలాంటి ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి. జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. ఆ అమ్మాయికి ఈ సంగతి చెప్పండి. కాగితం రాయడానికి తోడు కావాలంటే మీరు కూర్చోండి.