మాచర్లలో ఉంటూ విజయవాడ అద్దె ఎన్నాళ్ళు కడతారమ్మా?

ప్రశ్న: మావారికి ట్రాన్స్‌ఫర్ అయి జూన్‌లో విజయవాడ సత్యనారాయణపురం నుంచి మాచర్ల వచ్చాం సార్. నేను అకౌంట్స్ ఉద్యోగం మానేశాను, పాపకి ఆరేళ్ళు. చిన్న ఊరు కదా, డబ్బు మిగులుతుందనుకుంటే నెలాఖరుకి ఏమీ ఉండట్లేదు. విజయవాడ ఫ్లాట్ ఖాళీ చెయ్యలేదు. ఇక్కడ ఎవరూ తెలీదు, ఆదివారం బస్సెక్కకపోతే ఊపిరాడట్లేదు. బ్యాంకులో 3 లక్షల 20 వేలున్నాయి. పక్కింటావిడ చిట్టీ వెయ్యమంటున్నారు, ఇంటి ఓనర్ గారు 5 సెంట్ల స్థలం 6 లక్షలకి ఇప్పిస్తానంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, మీరు పంపిన లెక్క రెండుసార్లు చూశాను. చేతికొచ్చేది 58 వేలు, విజయవాడ అద్దె 13 వేలు, మాచర్ల అద్దె 6,500, కారు ఈఎంఐ 9 వేలు, ఇక నాలుగు ఆదివారాల ప్రయాణం, బయట తిండి, వచ్చేటప్పుడు సంచుల నిండా సామాన్లు అన్నీ కలిపి 14 వేలు. అంటే స్కూలుకీ వంటింటికీ మిగిలేది 15,500. మీరు దుబారా ఏం చెయ్యట్లేదు, రెండు ఊళ్ళలో రెండు కాపురాలు నడుపుతున్నారు, అంతే.

ముందు ఆ ఫ్లాట్ ఖాళీ చెయ్యండి. మళ్ళీ ట్రాన్స్‌ఫర్ వస్తే ఇల్లు దొరకదేమో అని మీ భయం, అర్థమైంది, కానీ తాళం వేసిన ఇంటికి ఏడాదికి లక్షా 56 వేలు కడుతున్నారు, రేపు వెనక్కి వస్తే కొత్త ఇంటికి అడ్వాన్సు, సామాన్ల లారీ అన్నీ కలిపినా అందులో సగం కూడా కాదు. పైగా విజయవాడ వెళ్ళినప్పుడు మీరు పడుకునేది పటమటలో అమ్మగారింట్లోనే అని మీరే రాశారు. అగ్రిమెంట్‌లో నోటీసు ఎన్ని నెలలో చూసి ఈ వారమే ఓనర్‌కి చెప్పండి.

ప్రయాణాలు మాత్రం పూర్తిగా మానెయ్యమని నేను చెప్పను. నెలకి నాలుగు ప్రయాణాల్ని రెండు చెయ్యండి చాలు. మిగతా రెండు ఆదివారాల్లో ఒకసారి ఎత్తిపోతల, సాగర్ చూసి రండి, ఇంకోసారి చెన్నకేశవస్వామి గుడికి సాయంత్రం పాపని తీసుకెళ్ళి కాసేపు కూర్చోండి, ఆ గుడి మెట్ల మీద మీతో మాట కలిపే వాళ్ళు తప్పకుండా ఉంటారు. పప్పులూ బియ్యం విజయవాడ నుంచి మొయ్యకండి, వీధి చివర కిరాణా కొట్లో కొనండి. రూపాయి అర ఎక్కువైనా పర్లేదు, నాలుగు నెలలకి ఆ కొట్టాయనే మీకు మంచి డాక్టరు ఎవరో, పాలు ఎవరి దగ్గర బాగుంటాయో చెప్తాడు. కొత్త ఊళ్ళో ఖర్చు పెట్టండి, కానీ ఓ ఏడాది దాకా ఆ ఊళ్ళో డబ్బు ఇరికించకండి, నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే.

అందుకే స్థలం ఇప్పుడొద్దు. 5 సెంట్లంటే 242 గజాలు, ధర సబబో కాదో చెప్పేంతగా ఊరు మీకింకా తెలీదు, ఉన్న 3 లక్షల 20 వేలూ పెట్టి మిగతాది అప్పు చేస్తే ఒంట్లో బాగోకపోతే చేతిలో రూపాయి ఉండదు. ఏడాది తర్వాత కూడా మనసు అటే లాగితే ముందు ఆ స్థలం మీద పాత అమ్మకాలూ తాకట్లూ చూపే ఈసీ తీయించండి, రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో, గతంలో ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమేమో వాకబు చెయ్యండి. 1977 చట్టం వల్ల అసైన్డ్ భూమి అమ్మకాలకి పెద్ద చిక్కుంది.

చిట్టీ సంగతి కొంచెం సున్నితం, ఆవిడ మీకక్కడ దొరికిన మొదటి స్నేహం కదా. 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టరైన చిట్టీ అయితే చిట్టీ నడిపే ఫోర్‌మన్ కమీషన్ 7 శాతం దాటకూడదు, గొడవొస్తే వెళ్ళడానికి రిజిస్ట్రార్ ఉంటాడు. ఆవిడ నోట్‌బుక్‌లో రాసుకునే చిట్టీకి అవేం లేవు. "కొత్తగా వచ్చాం కదండీ, ఓ ఏడాది చూసి వేస్తాం" అనండి, ఎవరూ నొచ్చుకోరు. చేబదులు అడిగే వాళ్ళూ వస్తారు, మిర్చి అమ్ముడై డబ్బు చేతికొచ్చేదాకా అక్కడ చాలా ఇళ్ళు ఖాతా మీదే నడుస్తాయి. తిరిగి రాకపోయినా బాధపడనంత ఇవ్వండి, రెండు రూపాయల వడ్డీకి ఆశపడి పెద్ద మొత్తం ఇవ్వకండి.

ఉన్న డబ్బులో 2 లక్షలు ఎఫ్‌డీ చేసి అత్యవసరానికి ఉంచండి, ఓ 50 వేలు సేవింగ్స్‌లోనే వదిలెయ్యండి. పెద్ద వైద్యం కావాలంటే మీరు నరసరావుపేటో గుంటూరో పరిగెత్తాలి, కంపెనీ హెల్త్ కార్డు ఆ రెండు ఊళ్ళలో ఏ ఆసుపత్రుల్లో చెల్లుతుందో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. మిగతా 70 వేలల్లోంచి పాప పేరు మీద మాచర్ల పోస్టాఫీసులోనే సుకన్య సమృద్ధి మొదలెట్టండి, 2025లో దాని వడ్డీ 8.2 శాతం, ఏ ఊరికి మారినా ఖాతా మీతో వస్తుంది.

ఇంకోటి, మీకు ట్యాలీ, జీఎస్టీ రిటర్నులు వచ్చు. మాచర్ల చుట్టుపక్కల వ్యాపారాలకి ఆ పని కావాలి, అక్కడి ఆడిటర్ ఆఫీసుల్లో పూట పని అడిగి చూడండి. మొదట 8 వేలే ఇచ్చినా ఒప్పుకోండి, ఆ డబ్బు కంటే పొద్దున్నే తయారై వెళ్ళడానికి ఓ చోటు ఉండటం మీకిప్పుడు ఎక్కువ అవసరం అనిపించింది మీ ఉత్తరం చదువుతుంటే. మీ పాత పీఎఫ్ మాత్రం తియ్యకండి, మళ్ళీ ఉద్యోగంలో చేరితే అదే యూఏఎన్, అంటే మీ పీఎఫ్ నంబరు మీద కలుస్తుంది.