టిక్ ఫీవర్ కిట్‌లో నెగెటివ్ వచ్చింది, అయినా పిల్లి లేవట్లేదు

ప్రశ్న: మా పిల్లికి రెండేళ్లు. పది రోజులుగా సరిగా తినట్లేదు, జ్వరం, ఎప్పుడూ మంచం కిందే పడుకుంటోంది. మెడ దగ్గర గెంతే చిన్న పురుగులు కనిపించాయి. క్లినిక్‌లో టిక్ ఫీవర్ కిట్ పెడితే నెగెటివ్ అన్నారు. ఇంకేం టెస్టులు చేయించాలి? - ఒక పాఠకురాలు, హనుమకొండ

డాక్టర్ సలహా: ముందు దాని పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. తెల్లగా పాలిపోయినా, పసుపుపచ్చగా ఉన్నా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా మిగతాది తర్వాత చదవచ్చు, వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్లండి.

ఇక కిట్ సంగతి. మన క్లినిక్కుల్లో ఉండే ఆ కిట్లు చాలావరకు కుక్కల కోసం చేసినవండీ, ఎర్లీకియా లాంటి పిడుదుల జబ్బులకి యాంటీబాడీలు ఉన్నాయా అని చూస్తాయి. మీరు చెప్పే గెంతే పురుగులు పిడుదులు కావు, ఫ్లీస్. ఫ్లీస్ ఉన్న పిల్లి ఇలా నీరసపడిందంటే నా అనుమానం ముందు మైకోప్లాస్మా హీమోఫెలిస్ మీదకి పోతుంది, ఎర్ర రక్తకణాలకి అతుక్కుని రక్తం తగ్గించేసే బ్యాక్టీరియా అది, కిట్ దాన్ని అసలు వెతకనే వెతకదు, అందుకే ఆ నెగెటివ్ చూసి ఊరుకోవద్దు.

సీబీసీ, అంటే రక్తకణాల లెక్క చూసే టెస్ట్, చేయించండి. అందులో పీసీవీ, అంటే రక్తంలో ఎర్ర కణాల శాతం, మామూలుగా 30 నుంచి 45 మధ్య ఉండాలి. దాంతోపాటు బ్లడ్ స్మియర్, అంటే రక్తపు చుక్కని స్లైడ్ మీద పరిచి మైక్రోస్కోప్‌లో చూడటం. చిక్కేంటంటే ఈ క్రిమి ఒకరోజు బోలెడు కనిపించి ఇంకోరోజు మాయమైపోతుంది, పైగా రక్తం గడ్డకట్టకుండా మందు ఉండే పర్పుల్ క్యాప్ ట్యూబ్‌లో గంటలు గంటలు ఉంటే కణాల మీంచి ఊడిపోతుంది కూడా, కాబట్టి రక్తం తీసిన వెంటనే స్లైడ్ వేయమని అడగండి. గట్టిగా తేల్చేది పీసీఆర్, క్రిమి డీఎన్ఏని వెతికే టెస్ట్. ఆ శాంపిల్ ఈ జబ్బుకి వాడే యాంటీబయాటిక్ డాక్సీసైక్లిన్ మొదలుపెట్టకముందే తీయాలి, నాలుగు డోసులు పడ్డాక వచ్చిన నెగెటివ్‌ని ఏం నమ్ముతాం చెప్పండి! పిల్లుల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్‌లు ఎఫ్ఈఎల్వీ, ఎఫ్ఐవీ టెస్టులు కూడా చేయించండి, అవి తోడైతే జబ్బు ముదురుతుంది.

ఫ్లీస్ వల్ల పిల్లులకి సోకే ఇంకో బ్యాక్టీరియా బార్టోనెల్లా, దాని టెస్ట్‌కి మాత్రం నేను తొందరపడను, ఆరోగ్యంగా తిరిగే పిల్లుల్లో కూడా పాజిటివ్ వస్తుంటుంది. కానీ ఫ్లీస్ రెట్ట గోళ్లకి అంటుకుని, గీరితే అది మనుషులకి వస్తుంది, ఇంట్లో ఎవరికైనా గీరిన తర్వాత చంకలో బిళ్ల కట్టి జ్వరం వస్తే పిల్లి గీరిన సంగతి డాక్టర్‌కి చెప్పండి.

జ్వరం ఉంది కదా అని పారాసిటమాల్ వేయొద్దు, పిల్లికి అది విషం. కుక్కలకి పురుగులు పోవడానికి వాడే పెర్మెత్రిన్ మందులూ అంతే. డాక్సీ టాబ్లెట్ రాస్తే మింగించిన వెంటనే సిరంజితో కొంచెం నీళ్లు పట్టండి, గొంతులో ఇరుక్కుంటే అన్నవాహికలో పుండు పడుతుంది.