గిఫ్ట్ డీడ్ తొందర వద్దు, ముందు ఆ ఎఫ్‌డీ బాండ్లు బయటికి తీయించండి

మీ నాన్నగారికి 76 ఏళ్లు, ఉప్పల్‌లో సొంతిల్లు, కొన్ని ఎఫ్‌డీలు, తమ్ముడు అమెరికాలో. వీలునామా మాటెత్తితే "నేనెప్పుడు పోతానా అని చూస్తున్నారా" అంటున్నారు, చుట్టాలేమో ఇల్లు ఇప్పుడే గిఫ్ట్ డీడ్ చేయించుకోమంటున్నారు. ఇదీ కదా మీరడిగింది.

గిఫ్ట్ డీడ్ వద్దండి. వీలునామాని ఆయన బతికున్నంత కాలం ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. గిఫ్ట్ రిజిస్టర్ అయితే ఇల్లు చేతులు మారినట్టే. బాగోగులు చూడాలన్న షరతు మీద ఇచ్చి, వాళ్లు చూడకపోతే 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద రద్దు చేయించుకోవచ్చు, నిజమే. కానీ ఆ వయసు మనిషిని ట్రిబ్యునల్ చుట్టూ తిప్పే రోజు ఎందుకు తెచ్చుకోవాలి?

మాది మల్కాజ్‌గిరి. మా ఇంట్లోనూ ఇదే గోల. అడగలేక, చివరికి నా వీలునామానే ముందు రాసుకుని, సాక్షి సంతకం పెట్టమని నాన్న ముందు పెట్టాను. కళ్లజోడు తుడుచుకుని రెండుసార్లు చదివి, "ఫ్లాట్ నంబరు రాశావు సరే, డాక్యుమెంట్ నంబరేదిరా?" అని పెన్నుతో సున్నా చుట్టారు. వారం తిరక్కుండా తనదీ రాసేశారు. తెల్ల కాగితం చాలు, స్టాంప్ డ్యూటీ లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మేం మాత్రం చేయించాం. సాక్షులు ఇద్దరుండాలి. ఆస్తి వచ్చేవాళ్లు కాకుండా, రాసేవారి కంటే వయసులో చిన్నవాళ్లయితే మేలు. (నాకు నాన్న సాక్షి కావడం వట్టి నాటకమే, తర్వాత మార్చుకున్నాను.)

అసలు దెబ్బ వేరే చోట తగిలింది. ఏడాది తర్వాత నాన్నకి పక్షవాతం. కుడి చేయి. ఖాతా ఆయన ఒక్కరి పేరునే ఉంది. సంతకం కలవలేదని చెక్కు వెనక్కొచ్చింది. ఆయన డబ్బు ఆయన ఖాతాలో ఉండగానే ఆస్పత్రి బిల్లుకి నేను అప్పు చేశాను. జీపీఏ (మన తరఫున సంతకాలు పెట్టమని ఇంకొకరికి రాసిచ్చే పత్రం) ఉంది కదా అనుకోకండి, మనిషికి తెలివి లేని స్థితిలో అది చెల్లదు, మరణంతో ఎలాగూ పోతుంది. నాన్నకి తెలివి ఉంది కాబట్టి బతికిపోయాం. బ్యాంకు ఆఫీసరు ఇంటికొచ్చి, సాక్షుల ఎదుట వేలిముద్ర తీసుకున్నారు. ఆ వెసులుబాటు ఉందని కౌంటర్లో ఎవరూ చెప్పలేదు, పోరితేనే బయటికొచ్చింది. మీరైతే ఇప్పుడే అమ్మగారి పేరు కలిపి 'ఐదర్ ఆర్ సర్వైవర్' చేయించండి, అంటే ఇద్దరిలో ఎవరైనా ఖాతా నడపొచ్చు.

మేం చేయనిది ఒకటుంది. కోలుకునే ఆశ లేనప్పుడు వెంటిలేటర్ లాంటివి వద్దని ముందే రాసిపెట్టుకోవచ్చని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 నుంచి ఇద్దరు సాక్షులతో నోటరీ ముందో, గెజిటెడ్ ఆఫీసరు ముందో సంతకం పెడితే చాలు. రెండోసారి స్ట్రోక్ వచ్చినప్పుడు ఐసీయూ బయట డాక్టరు వెంటిలేటర్ పెట్టాలా అని కాగితం పట్టుకుని నిలబడ్డారు. అన్నయ్య డాలస్ నుంచి వీడియో కాల్‌లో "పెట్టించరా" అంటున్నాడు, అమ్మ తల అడ్డంగా ఊపుతోంది. నాన్న మనసులో ఏముందో ముగ్గురిలో ఒక్కరికీ తెలియదు. పెట్టించాం. పదకొండు రోజులు ఉన్నారు.

ఇక నామినీ. డబ్బు నామినీ చేతికొస్తుంది గానీ, హక్కు వీలునామాలో ఉన్నవాళ్లది, అది లేకపోతే వారసులది. 2025 నవంబరు నుంచి బ్యాంకు ఖాతాకి నలుగురి దాకా నామినీలుగా పెట్టుకోవచ్చు. నాన్న పోయాక ఆయన నల్ల రెగ్జిన్ సంచి అడుగున ఇంకో ఎఫ్‌డీ బాండు దొరికింది. నామినీ మా నానమ్మ. ఆవిడ పోయి 19 ఏళ్లు. మీసేవలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కి పెట్టి, తహసీల్దార్ ఆఫీసు ఎంక్వైరీ అయ్యి, అన్నయ్య అక్కడ కాన్సులేట్‌లో సంతకం అటెస్ట్ చేయించి పంపేసరికి నాలుగు నెలలు పట్టింది.

వీలునామా సంగతి పది రోజులాగి ఎత్తండి. ముందు "నాన్నా, ఈ బాండ్ల మీద పేర్లు ఒకసారి చూద్దాం" అని కూర్చోబెట్టండి. దానికి ఆయన కోప్పడరు.